పోస్టులో వచ్చిన పండగ

ఈ ఏడు భోగినాడు మా వీధిలో మంట ఒక పట్టాన అంటుకోలేదు. రాత్రంతా మంచు కురిసి దుంగలు చెమ్మగిల్లాయి. పిల్లలు తాటాకులు పెట్టి ఊదుతుంటే పొగ తప్ప మంట లేదు. ఎదురింటి కుర్రాడు లోపలికి పరిగెత్తి, వాళ్ళ నాయనమ్మ అటక మీద ఎప్పటినుంచో దాచుకున్న కిరసనాయిలు సీసా పట్టుకొచ్చాడు. ఈ రోజుల్లో ఇళ్ళల్లో కిరసనాయిలు ఎక్కడుంది? గ్యాస్ వచ్చాక దాని మాట ఎత్తేవాళ్ళే లేరు. వాడు సగం సీసా దుంగల మీద వంచేసి అగ్గిపుల్ల గీశాడు. భగ్గుమంది. పిల్లలంతా ఒకటే కేకలు.

నేను రెండడుగులు వెనక్కి వేసి అరుగు మీద కూర్చుండిపోయాను. అక్కడున్న వాళ్ళందరికీ అది భోగి మంట వాసన. నాకది బుఖారీ వాసన. మా ఆవిడ చూసి "ఏమైందండీ?" అంది. ఏం లేదన్నాను. ఏముందో చెప్పాలంటే ఇరవై నాలుగేళ్ళ ఆర్మీ సర్వీసు చెప్పాలి. అంతా కాకపోయినా, పండగల వరకైనా రాసి పెట్టాలనిపించింది.

* * *

బుఖారీ అంటే ఇనప పొయ్యి. పక్కనున్న డబ్బాలోంచి కిరసనాయిలు సన్న గొట్టం గుండా బొట్టుబొట్టుగా పడుతూ మండుతుంది. పొగ పోవడానికి కప్పులోంచి బయటికి ఇంకో గొట్టం. ఎంత బయటికి పోయినా కొంత లోపలే మిగిలేది. పొద్దున ముక్కు చీదితే నల్లగా వచ్చేది. పడుకునే ముందు మాత్రం ఎంత చలైనా సరే ఆర్పెయ్యాల్సిందే. మూసిన గదిలో మండనిచ్చి నిద్రపోతే ఆ గాలికి మనిషి మళ్ళీ లేవడు. అది ఆర్పేది ఎవరన్నదానికి రోజుకొకరి వంతు ఉండేది. నా వంతు వచ్చిన రాత్రి రెండుసార్లు లేచి చూసుకునేవాణ్ణి.

నేను జబల్‌పూర్‌లో ట్రైనింగ్ అయి సిగ్నల్స్‌లో, అంటే ఆర్మీలో ఫోన్లూ వైర్‌లెస్సూ చూసే విభాగంలో, పనిచేసినవాణ్ణి. లద్దాఖ్ పోస్టింగ్ వచ్చినప్పుడు చలి గురించే భయపడ్డాను. తీరా వెళ్ళాక తెలిసింది, భయపడాల్సింది అక్కడి పలచని గాలికని. 9,000 అడుగులు దాటాక ఒంటికి అలవాటయ్యేదాకా 6 రోజులు ఆగాలి. 12,000 దాటి పైకి వెళ్ళాలంటే ఇంకో 4 రోజులు, 15,000 దాటితే మళ్ళీ 4 రోజులు. మొదటి రెండు రోజులు బూట్ల లేసులు కట్టుకోవడానికి వంగినా ఆయాసం వచ్చేది. అన్నం కుక్కర్‌లో తప్ప ఉడకదు. నీళ్ళు తెర్లుతున్నట్టే కనపడతాయి గానీ ఆ వేడికి గింజ మెత్తబడదు.

శ్రీనగర్ నుంచి లేహ్‌కి వచ్చే రోడ్డు మీద 11,500 అడుగులకు పైన జోజిలా కనుమ, అంటే కొండల మధ్య దారి, ఉంది. ఆ రోజుల్లో చలికాలం వచ్చిందంటే మంచుతో మూసుకుపోయేది, మళ్ళీ తెరుచుకునేది ఎండలు ముదిరాకే. మా ఊళ్ళో కనుమ అంటే పండగ. అక్కడ కనుమ అంటే మూసుకుపోయిన దారి. మొదటి ఏడాది ఆ మాట తలుచుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. చండీగఢ్ నుంచి ఎయిర్‌ఫోర్స్ విమానాలు వచ్చేవి. కానీ మబ్బు పడితే అవీ రావు. లీవ్ కాగితం జేబులో పెట్టుకుని ఎయిర్‌ఫీల్డ్‌లో వారం పది రోజులు ఆకాశం వంక చూస్తూ కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు.

* * *

నా డ్యూటీ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. ఒక బోర్డు, దాని మీద వరసగా చిన్నచిన్న మూతలు. ఏ పోస్టులోనైనా ఫోను పిడి గిర్రున తిప్పితే నా బోర్డు మీద ఆ పోస్టు మూత టక్కున పడేది. తీగ గుచ్చి "ఎక్స్ఛేంజ్" అనాలి, ఎవరు కావాలో కనుక్కుని ఇంకో తీగ అక్కడ గుచ్చాలి. ఆ టక్కుమనే చప్పుడు ఎంత మత్తులో ఉన్నా నన్ను లేపేది. ఇప్పటికీ వంటింట్లో డబ్బా మూత కింద పడితే నా చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది.

ఆ లైన్లు ఇళ్ళదాకా పోయేవి కావు. పోస్టు నుంచి పోస్టుకి, పోస్టు నుంచి హెడ్‌క్వార్టర్‌కి, అంతే.

ఒక సంక్రాంతి రాత్రి లైన్లన్నీ ఖాళీగా ఉన్నాయి. పై పోస్టు మూత పడింది. "ఎక్స్ఛేంజ్" అన్నాను. అవతల కాసేపు ఏమీ లేదు. తర్వాత తెలుగులో, "అన్నా, పండగ కదా" అని వినిపించింది. శ్రీకాకుళం కుర్రాడు, పెళ్ళి కూడా కాలేదు. "కింద పోస్టులో కరీంనగర్ అన్న ఉన్నాడు కదా, ఒక్కసారి కలుపుతావా?" అన్నాడు. కలిపాను. వాళ్ళు మాట్లాడుతుండగానే ఇంకో మూత. అనంతపురం అతను. అతన్నీ అదే లైన్లోకి తీసుకున్నాను. లైన్లో ఒక్కో ఫోను పెరిగేకొద్దీ గొంతు పలచబడుతుంది. నాతో కలిపి నలుగురం, అందరం అరుస్తున్నాం.

మాట్లాడుకున్నదంతా తిండి గురించే. ఇంట్లో ఈపాటికి సకినాలు చేసేసి ఉంటారని కరీంనగర్ ఆయన అన్నాడు. సకినాలంటే ఏంటని కుర్రాడు అడిగాడు. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డ మీద చుట్లుచుట్లుగా తిప్పి, ఆరాక నూనెలో వేస్తారని ఆయన చెప్పాడు. ఆ చుట్టు వేళ్ళతో ఎలా తిప్పుతారో వాళ్ళమ్మ చెయ్యి కళ్ళముందున్నట్టు చెప్పుకుంటూ పోయాడు. అనంతపురం అతను ఓళిగలన్నాడు. కుర్రాడు పొంగడాలన్నాడు. నేను అరిసెలు అన్నాను గానీ ఎవరికీ వినపడినట్టు లేదు.

ఎందుకో వెనక్కి తిరిగి చూస్తే కెప్టెన్ సాబ్ నిలబడి ఉన్నారు. ఎంతసేపైందో తెలీదు. ఉన్నపళాన లేచి సావధాన్‌లో నిలబడ్డాను. హెడ్‌ఫోన్ మెడ మీద వేలాడుతోంది, అందులోంచి ముగ్గురి గొంతులూ సన్నగా వినపడుతూనే ఉన్నాయి. ఆయన బోర్డు వంక చూశారు, వాచీ చూసుకున్నారు. "దస్ మినట్" అని బయటికి వెళ్ళిపోయారు. ఆ పది నిమిషాలూ ఆయన గదికి పోకుండా బయట మంచులోనే అటూ ఇటూ నడిచారని సెంట్రీ తర్వాత చెప్పాడు. ఆయనకీ ఎక్కడో ఒక ఇల్లు ఉంటుంది కదా, ఆ రాత్రి ఆ ఊరి పేరు అడగాలని నాకు తోచలేదు.

నా సర్వీసు చివర్లో శాటిలైట్ ఫోన్లు వచ్చాయి. వరసలో నిలబడితే మనిషికి కొద్ది నిమిషాలు. నేను రిటైరయ్యాక, 2017 దీపావళికి, ఆ ఫోన్ల చార్జీ నిమిషానికి 5 రూపాయల నుంచి రూపాయికి తగ్గించారని విని ఎంత సంతోషించానో. ఐదు రూపాయలు లెక్కపెట్టుకుంటూ భార్యతో మాట్లాడినవాళ్ళకే అది తెలుస్తుంది.

* * *

లీవ్ సంగతి బయటివాళ్ళకి అంతగా తెలీదు. జవానుకి ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవ్, 30 రోజుల క్యాజువల్ లీవ్. వినడానికి చాలానే. కానీ అందరూ ఒకేసారి వెళ్తే పోస్టులో ఉండేదెవరు? అందుకని వంతులు. మా సిగ్నల్స్‌లో అన్ని రాష్ట్రాల వాళ్ళూ కలిసి ఉంటాం. బీహార్ వాళ్ళకి ఛఠ్ కావాలి. మలయాళీలకి ఓణం, క్రిస్మస్. దీపావళి, హోలీ ఉత్తరాది వాళ్ళందరికీ కావాలి. మాకూ తమిళులకీ జనవరి. లీవ్ లిస్టు వేసే ముందు వారం బ్యారక్‌లో బేరాలే బేరాలు. "ఈసారి నీ ఛఠ్‌కి నేను డ్యూటీ చేస్తా, వచ్చే ఏడు నా సంక్రాంతికి నువ్వుండు." ఈ మాటలు కాగితం మీద ఉండవు. కానీ తప్పినవాణ్ణి నేను చూడలేదు. వదినకి నెలలు నిండాయనో, ఇంట్లో పెళ్ళనో తెలిస్తే తన వంతు వదిలేసుకున్నవాళ్ళు చాలామంది. నా పెళ్ళయిన కొత్తలో నాకు అలా వంతు ఇచ్చింది ఒక పంజాబీ హవల్దార్. తన లోహ్రీ పోగొట్టుకుని నాకు సంక్రాంతి ఇచ్చాడు.

మొత్తం సర్వీసులో నేను ఇంట్లో చేసుకున్న సంక్రాంతులు నాలుగు.

* * *

అంబాలాలో ఉన్నప్పటి పండగ మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ వెచ్చగా ఉంటుంది. కంటోన్మెంట్ కాబట్టి అక్కడ మంట వేసుకోవచ్చు. జనవరి 13 సాయంత్రం పంజాబీలు లోహ్రీ మంట వేశారు. చుట్టూ తిరుగుతూ వేరుశనక్కాయలు, నువ్వుల రేవడీలు, పేలాలు అందులో వేస్తున్నారు. మాకు మర్నాడు తెల్లవారుజామున భోగి. తమిళులదీ అదే. మంట ఆరనివ్వొద్దని వాళ్ళని అడిగాం. ఎందుకని అడిగారు, చెప్పాం. అస్సాం కుర్రాడు పక్కనుంచి, మాకూ తెల్లారుజామునే మంట, దాన్ని మేజి అంటాం, అన్నాడు. అప్పుడు తెలిసింది, దేశంలో ఆ మూలా ఈ మూలా అందరం ఒకే చలికి ఒకే మంట వేసుకుంటున్నామని.

రాత్రంతా వంతులవారీగా దుంగలు ఎగదోశాం. గార్డు డ్యూటీ దిగినవాడు వచ్చి కాసేపు కూర్చునేవాడు, ఎక్కేవాడు చేతులు కాచుకుని వెళ్ళేవాడు. నాలుగింటికి మేం తలకి నూనె రాసుకుని, బకెట్ నీళ్ళు అదే మంట మీద కాచుకుని స్నానాలు చేశాం. ఆ పొగ కంపుతోనే పీటీకి వెళ్ళాం.

ఇంకో సంగతి. జనవరి 15 ఆర్మీ డే. 1949లో ఆ రోజునే కరియప్ప గారు బ్రిటిష్ జనరల్ బుచర్ నుంచి సైన్యం బాధ్యత తీసుకున్నారు, ఆ హోదాలో మొదటి భారతీయుడు ఆయనే. మాకది సంక్రాంతి నాడో కనుమ నాడో పడేది. ఆ రోజు బడాఖానా. ఆఫీసర్లు, జేసీవోలు (ఆఫీసర్లకీ జవాన్లకీ మధ్య హోదావాళ్ళు), జవాన్లు అందరూ ఒకేచోట తింటారు, ఆఫీసర్లు స్వయంగా వడ్డిస్తారు. పూరీ, మటన్, హల్వా. సంక్రాంతికి అక్కడ కూడా విందు పెట్టారని ఇంటికి రాస్తే అమ్మ చాలా సంతోషించింది. మిలట్రీలో మన పండగ కూడా చేస్తారట అని వీధంతా చెప్పుకుంది. ఆర్మీ డే సంగతి నేను విడమర్చి చెప్పలేదు.

* * *

నిజానికి నాకు పండగ ఉత్తరంలో వచ్చేది. పదిహేను, ఇరవై రోజులు ఆలస్యంగా.

మా అడ్రసులో ఊరి పేరు ఉండదు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ. నేనున్న చోటల్లా అదే. ఢిల్లీలో ఆర్మీ పోస్టాఫీసు వాళ్ళకి మాత్రం ఏ యూనిట్ ఎక్కడుందో తెలుసు. "మీరు ఏ ఊళ్ళో ఉన్నారో తెలీకుండా ఉత్తరం ఎలా రాయనండీ" అని మా ఆవిడ పెళ్ళయిన కొత్తలో రాసింది. తర్వాత అలవాటైపోయింది.

మొదటి సంక్రాంతికి ఆవిడ రాసిన ఉత్తరంలో సగం పేజీ ముగ్గే. ఆ పొద్దున వాకిట్లో వేసిన ముగ్గుని పెన్నుతో దించింది. పక్కన "15 చుక్కలు, సందు చుక్కలు 8 వచ్చేదాకా" అని రాసింది. గొబ్బెమ్మ ఎక్కడ పెట్టిందో అక్కడ చిన్న గుండ్రం చుట్టి "ఇక్కడ" అంది. ఉత్తరం నాకు చేరేసరికి జనవరి అయిపోవచ్చింది. ఆ మధ్యాహ్నం డ్యూటీ లేదు. గది వెనక మంచు చదునుగా ఉన్న చోట చూసుకుని, టెంటు మేకుతో చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. జన్మలో ముగ్గు వేసినవాణ్ణి కాదు. మూడుసార్లు తప్పి, మూడుసార్లు బూటుతో చదును చేసి, నాలుగోసారికి కుదిరింది. మధ్యలో లంగర్‌లో, అంటే మా వంటశాలలో, అడిగి తెచ్చిన పసుపు చిటికెడు వేశాను. తెల్లమంచు మీద ఆ పసుపు ఎంత బాగుందో చెప్పలేను. రాత్రి మళ్ళీ మంచు కురిసి మొత్తం పూడ్చేసింది.

ఆ తర్వాత ప్రతి ఏడాదీ ముగ్గు వచ్చేది. ఆ కాగితాలన్నీ నా నల్ల ట్రంకుపెట్టెలో అడుగున ఉన్నాయి. మడతల దగ్గర చిరిగాయి గానీ చుక్కలు లెక్క తప్పలేదు.

* * *

తర్వాత పూంఛ్. అక్కడ నియంత్రణ రేఖ. దీపావళికి టపాసులు లేవు, వెలుతురు బయటికి పోయేలా దీపం కూడా లేదు. బంకర్ లోపల, బల్ల కింద, ప్రమిదకి బదులు చీజ్ డబ్బా మూతలో ఒక్క వత్తి. ఇంటి దగ్గర పిల్లలు చప్పుడు కోసం ఎదురుచూసే రాత్రి, మేం చప్పుడు లేకుండా తెల్లారాలని ఎదురుచూసేవాళ్ళం. 2003 నవంబరు 26న, రంజాన్ పండగ పూట, రేఖ మీద కాల్పులు ఆగాయి. మొదటి రాత్రి ఆ నిశ్శబ్దానికి ఎవరికీ నిద్రపట్టలేదు.

ఆ వర్షాకాలంలోనే నాన్న పోయారు. నేను చేరేసరికి అన్నీ అయిపోయాయి, తమ్ముడు చేశాడు. జనవరి వచ్చింది. మావైపు సంక్రాంతిని పెద్ద పండగ అంటాం. పోయిన పెద్దలకి కొత్త బట్టలు పెట్టి, వండినవి పెట్టి, తర్వాత ఆ బట్టలు ఇంట్లోవాళ్ళే కట్టుకుంటారు. పెద్దకొడుకుని నేను కొండ మీద ఉన్నాను.

మా యూనిట్ పూజారి పండిట్‌జీ గఢ్వాల్ ఆయన. వాళ్ళవైపు ఈ పద్ధతి లేదు. విన్నంత విని, "చేద్దాం" అన్నారు. క్యాంటీన్లో కొన్న కొత్త బనీను, తువ్వాలు ఒక రాయి మీద పెట్టాను. లంగర్ నుంచి అన్నం, పప్పు, కాస్త హల్వా వచ్చాయి. "పితాజీకి ఏం ఇష్టం?" అని అడిగారు. చుట్ట అన్నాను. అక్కడ చుట్ట ఎక్కడ దొరుకుతుంది? రాజస్థాన్ అతను ఒకడు మాట్లాడకుండా తన బీడీకట్ట తెచ్చి పక్కన పెట్టాడు. నాన్న ఎప్పుడూ బీడీ తాగలేదు. ఆ రోజు ఏమీ అనుకోకుండా ఉండి ఉంటారు. ఆ బనీను యూనిఫాం లోపల వేసుకునే రాత్రి డ్యూటీ ఎక్కాను.

మర్నాడు కనుమ. పశువుల పండగ. పోస్టుకి రేషనూ నీళ్ళూ మోసేవి కంచరగాడిదలు, ఒక్కోదానికి గిట్ట మీద నంబరు ఉంటుంది. మా దగ్గరికి రోజూ ఎక్కి వచ్చేది ఒక ముసలిది. నిలువు కొండ మీద ఎక్కడా కాలు జారేది కాదు. మందిరంలోంచి కుంకుమ తెచ్చి దాని నుదుటికి పెట్టి, దండం పెట్టాను. దాన్ని తోలే హర్యానా అతను విస్తుపోయి చూశాడు. మా ఊళ్ళో ఈ రోజు ఎడ్లకి కొమ్ములు కడిగి, బొట్టు పెట్టి, పని చెప్పకుండా వదిలేస్తామని చెప్పాను. పని మానడం మన చేతుల్లో లేదన్నాడు. కానీ ఆ రోజు దిగేటప్పుడు ఖాళీ జెర్రీక్యాన్లు దాని మీద కట్టకుండా తనే భుజాన వేసుకుని దిగాడు.

* * *

నాకు లీవ్ ఎక్కువగా మేలో దొరికేది. మండుటెండల్లో దిగేవాణ్ణి. పెట్టె దించేలోపే అమ్మ వాకిలి అలికేది. ఆ సాయంత్రం బియ్యం నానబోసేది. మే నెలలో అరిసెల పాకమా అని చుట్టుపక్కల వాళ్ళు వింతగా చూసేవాళ్ళు. "మావాడు వచ్చాడు, మాకు ఇప్పుడు సంక్రాంతి" అనేది. మా ఆవిడ జనవరిలో వేసిన ముగ్గునే మళ్ళీ వేసేది. నేను కాగితం మీద చూసినదాన్ని వాకిట్లో చూడాలని.

మా అమ్మాయికి మూడో ఏడు. జనవరిలో భోగిపళ్ళు పోశారు గానీ నేను చూడలేదు. మేలో రేగుపళ్ళు ఎక్కడ దొరుకుతాయి? అమ్మ లోపలికి వెళ్ళి ఒక డబ్బా తెచ్చింది. పండగనాడే నాలుగు దోసిళ్ళ రేగుపళ్ళు తీసి, చేటలో ఎండబెట్టి దాచింది. ముడతలు పడి, గోధుమరంగుకి తిరిగాయి. వాటిలో చిల్లర, బంతిపూల బదులు మల్లెపూలు కలిపింది. పీట మీద కూర్చోబెట్టి నా చేత తల మీద పోయించింది. ఎండినవి కదా, గలగలమని చప్పుడు చేస్తూ జారాయి. పిల్ల పకపకా నవ్వింది. పెద్దయ్యేదాకా దాన్ని "నాన్న పండగ" అనేది. అసలు సంక్రాంతి కంటే తనకి అదే ఎక్కువ గుర్తు.

* * *

ఈ భోగినాడు మంట బాగా అంటుకున్నాక ఎదురింటావిడ ఫోను పట్టుకుని బయటికి వచ్చింది. వాళ్ళ పెద్దబ్బాయి ఆర్మీలోనే ఉన్నాడు, వీడియో కాల్. ఫోను మంట వైపు తిప్పి చూపించింది. తర్వాత నా చేతికిచ్చింది. చెవులదాకా ఉన్ని టోపీ, వెనక రేకు గోడ. "మావయ్యా, మంట బాగా వచ్చిందే" అన్నాడు. మీ తమ్ముడు కిరసనాయిలు పోశాడురా అన్నాను. నవ్వాడు. లీవ్ ఎప్పుడని అడిగాను. ఏప్రిల్ అంటున్నారు మావయ్యా, అన్నాడు. ఇంకేదో చెప్పబోతుంటే బొమ్మ ఆగిపోయింది. నోరు సగం తెరిచి అలాగే ఉండిపోయాడు. కాసేపు చూసి ఫోను వాళ్ళమ్మకి ఇచ్చేశాను.

సాయంత్రం వాళ్ళింట్లో వాడి కూతురికి భోగిపళ్ళు పోశారు. మా ఆవిడ వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు కొంగులో ఏదో మూటగట్టుకుని వచ్చింది. నాతో ఏమీ అనకుండా పెరట్లోకి వెళ్ళి, చేట దించి, రేగుపళ్ళు పరిచి, కాకులు రాకుండా పైన పాత వల కప్పింది.